ఉమ్ ఫవాజ్ పరామర్శ

ఆ మంగళవారం ఐదో తరగతి పిల్లలు ఆలివ్ నూనెతో సబ్బు తయారు చేయాలి. టీచరు రుదైనా ముందురోజే నూనె, కాస్టిక్ సోడా, పాత గిన్నె అన్నీ సర్దిపెట్టుకుంది. పొద్దున బడికి వచ్చేసరికి పెరట్లో కోడి చచ్చిపడి ఉంది. చుట్టూ పిల్లలు నిలబడ్డారు. ఎవరూ ఏడవడం లేదు. ఏడుపు కంటే ప్రమాదమైన పని చేస్తున్నారు. ఆలోచిస్తున్నారు.

లెబనాన్‌లోని సైదా పాతబస్తీలో ఆ బడిని పిచ్చిబడి అంటారు. అక్కడ గంట కొట్టరు. పిల్లలు రొట్టె కాల్చి భిన్నాలు, గోడ కట్టి కోణాలు నేర్చుకుంటారు. టీచర్లను పేరు పెట్టే పిలుస్తారు. బడి పెట్టిన విదాద్ మేడమ్ పెద్దవాళ్ళకు ఒకే ఒక్క నియమం పెట్టింది. పిల్లలతో "వద్దు" అనకూడదు, "అలా చేస్తే ఏమవుతుంది?" అని అడగాలి. ఆ బడిలో చేరాక రుదైనా ఇంట్లో కూడా అలాగే మాట్లాడుతోందని ఆమె మొగుడు అత్తగారింట్లో ఫిర్యాదు చేశాడు కూడా.

కోడి పేరు ఉమ్ ఫవాజ్. అది పొదిగిన గుడ్లలో ఒక్కటే పిల్లయి బతికింది. అన్నిట్లోకీ వాడే గెలిచాడని పిల్లలు వాడికి ఫవాజ్ అని పేరు పెట్టారు. తల్లిని కొడుకు పేరుతో పిలవడం మర్యాద కాబట్టి కోడి ఉమ్ ఫవాజ్, అంటే ఫవాజ్ వాళ్ళమ్మ, అయింది. చిక్కేమిటంటే, బడి ఉన్న ఇంటి సొంతదారు, పక్క సందులో ఉండే ముసలమ్మను కూడా బస్తీ అంతా ఉమ్ ఫవాజ్ అనే పిలుస్తుంది. ఆమె కొడుకు ఫవాజ్ బేరూత్‌లో ఉంటాడు. ఆ ఇల్లు పడగొట్టి, స్థలం కార్ల పార్కింగు నడిపేవాళ్ళకు అమ్మేయాలని అతని కోరిక. తల్లి ఒప్పుకోవడం లేదు. ఆమె ఒప్పుకోనంత కాలమే ఆ బడి.

ఇదంతా తెలిసే రుదైనా ఒకసారి పిల్లల్ని అడిగింది. "కోడికి ఇంకో పేరు పెడితే ఏమవుతుంది?"

"పిలిస్తే రాదు," అన్నారు పిల్లలు. విషయం అక్కడితో ఆగిపోయింది.

ఇప్పుడు ఆ కోడి దగ్గర అందరికంటే ముందు నోరు విప్పింది తాలా. ఆ పిల్ల మాట తరగతిలో చెల్లుతుంది. "మా తాతయ్య పోయినప్పుడు చేసినట్టే చేద్దాం. ముందు పూడ్చేద్దాం. తర్వాత పోయిందని గోడలకు కాగితాలు అంటిద్దాం. సాయంత్రం కుర్చీలేసి అందరికీ చేదు కాఫీ ఇద్దాం."

"ఖురాన్ చదివేవాణ్ణి కూడా పిలుద్దాం," అన్నాడు జవాద్.

"వద్దు," అంది రుదైనా. ఆ మాట ఆ బడిలో అంతకుముందు ఎవరూ వినలేదు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

తరగతిలో అక్షరాలు పేర్చి నొక్కే చిన్న అచ్చుయంత్రం ఉంది. పిల్లలు తాలా తాతయ్య కాగితాన్ని గుర్తు చేసుకుంటూ రాశారు. "అందరికీ తల్లివంటివారు, తెల్లవారకముందే నిద్రలేచేవారు, ఎవరి జోలికీ పోనివారు అయిన ఉమ్ ఫవాజ్ అల్లా కారుణ్యాన్ని చేరుకున్నారు. అసర్ నమాజు తర్వాత బడి పెరట్లో పరామర్శ."

రుదైనా ఆ కాగితం చదివి అడిగింది. "కోడి అని రాయకపోతే ఏమవుతుంది?"

జవాద్ అక్షరాలు పేరుస్తూనే అన్నాడు. "తాలా వాళ్ళ తాతయ్య కాగితంలో మనిషి అని రాయలేదు కదా."

 రుదైనా పరుగున విదాద్ మేడమ్ దగ్గరకు వెళ్ళి సంగతి చెప్పింది.

"చావంటే ఏమిటో పిల్లలు తమంతట తాము తెలుసుకుంటున్నారు రుదైనా. సబ్బు ఎప్పుడైనా చేసుకోవచ్చు. నువ్వు అడ్డం తప్పుకో, చాలు," అంది మేడమ్.

అనుకున్నది బడి గోడకు, పక్క సందుకు మాత్రమే అంటించాలని. కానీ రుదైనా కలిపిచ్చిన మైదాపిండి జిగురు మిగిలిపోయింది. మిగిలిన వస్తువును పారేయకూడదని పోయినవారమే నేర్చుకున్నారు. జిగురు అయ్యేదాకా అంటించుకుంటూ పోతే కూరగాయల బజారు వచ్చింది.

బజారులో టమాటాలమ్మే అబూ తైసీర్ ఆ కాగితం చదివి, తల పట్టుకుని, బేరూత్‌కు ఫోను చేశాడు.

"నాయనా ఫవాజ్, అల్లా నీకు ఓపిక ఇవ్వాలి."

"దేనికి మావయ్యా?"

అబూ తైసీర్ గొంతు తగ్గించాడు. "నీకింకా చెప్పలేదా? ఇక్కడ గోడలన్నిటికీ అంటించారు."

ఫవాజ్ తల్లికి ఫోను చేశాడు. పలకలేదు. ఆమె పొద్దున్నే కొండ మీది ఊళ్ళో ఉన్న చెల్లెలింటికి పోయింది. కరెంటు లేక ఛార్జింగు అయిపోయిన ఫోను ఇంట్లోనే బల్ల మీద పడి ఉంది.

సాయంకాలపు అసర్ నమాజు అయ్యాక పెరడు నిండింది. మొదట వచ్చిన ఆడవాళ్ళను చూసి రుదైనా పిల్లల తల్లులేమో అనుకుంది. వాళ్ళు ఆమెను కౌగలించుకుని, మిగిలినవాళ్ళంతా చల్లగా ఉండాలన్నారు. ఒకావిడ పక్కన కూర్చుని అడిగింది. "ఎన్నాళ్ళుగా జబ్బు పడిందమ్మా?"

"జబ్బేం లేదండీ. నిన్న సాయంత్రం కూడా గింజలు తిన్నది."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "ఆఖరికి గింజలతో బతికిందన్నమాట. కొడుకేమో బేరూత్‌లో పెద్ద పెద్ద హోటళ్ళలో తింటాడు. ఖురాన్ చదివేవాణ్ణి కూడా పెట్టలేదు చూడు."

అప్పుడు అర్థమైంది రుదైనాకు.  లేచి జనాన్ని తోసుకుంటూ విదాద్ మేడమ్ కోసం వెతికింది. మేడమ్ గేటు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళందరి చేతులూ పట్టుకుంటోంది. ఆమె కళ్ళనిండా నీళ్ళు.

"చూశావా రుదైనా," అంది మేడమ్. "ఇన్నేళ్ళకు ఈ బస్తీ మన బడిని అర్థం చేసుకుంది. ఒక కోడి కోసం ఇంతమంది."

"మేడమ్, వాళ్ళు కోడి కోసం రాలేదు."

మేడమ్ ఇంకేదో అడగబోయింది. అంతలో గేటు ముందు కారు ఆగింది. ఫవాజ్ దిగాడు. తల్లి ఇంటికి తాళం చూసి నేరుగా ఇటు వచ్చాడు. చొక్కా బొత్తాలు ఒక కాజాకి బదులు ఇంకో కాజాలో పెట్టుకున్నాడు. అడ్డొచ్చిన జవాద్ భుజం పట్టుకున్నాడు.

"ఉమ్ ఫవాజ్‌ను ఎక్కడ పెట్టారు?"

"నిమ్మచెట్టు కింద," అన్నాడు జవాద్.

"ఎవరు పూడ్చారు?"

"మేమే. ఎండెక్కితే వాసనొస్తుందని తొందరగా పూడ్చేశాం. గొయ్యి చిన్నదే సరిపోయింది."

ఫవాజ్ అక్కడే కూలబడ్డాడు. రంజాను తర్వాత అతను తల్లిని చూడలేదు. పిల్లలు తవ్విన గోతిలో పట్టేంతగా చిక్కిపోయిందా అని వెక్కివెక్కి ఏడ్చాడు. నలుగురూ పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టారు. తాలా చేదు కాఫీ తెచ్చి చేతికిచ్చింది. రుదైనా అతని ముందు మోకాళ్ళ మీద కూర్చుని చెప్పబోయింది. "బాబూ, ఒక్క మాట వినండి. ఇదంతా పొరపాటు."

"పొరపాటు నాది తల్లీ," అన్నాడు అతను. ఆమెకు ఇంకేమీ చెప్పే సందు ఇవ్వలేదు.

అతని వెనక వరసలో ఉన్న స్థలాల దళారీ ముందుకు వంగాడు. "ఈ సమయంలో అడగకూడదు. కానీ ఆ కార్లవాళ్ళు ఇంకో చోటు కూడా చూసుకుంటున్నారు."

ఫవాజ్ ముక్కు చీదుకున్నాడు. "ఈ వారం పోనీండి," అన్నాడు.

"ఈ వారం పోయాక ఏం చేస్తావురా?"

గొంతు గేటు వైపు నుంచి వచ్చింది. ఉమ్ ఫవాజ్ నిలబడి ఉంది. చంకలో చెల్లెలిచ్చిన నారింజల సంచి, చేతిలో తన ఇంటి గోడ నుంచి పీకిన కాగితం. గింజల మాటెత్తిన ఆవిడ కుర్చీతో సహా వెనక్కి పడిపోయింది. అబూ తైసీర్ గబగబా ఏదో చదువుకున్నాడు. ఫవాజ్ చేతిలో కప్పు జారి పగిలింది.

ముసలమ్మ ఎవరినీ పలకరించకుండా వెళ్ళి ముందు వరసలో కూర్చుంది. "నాకూ కాఫీ పొయ్యండి. ఇంత దూరం వచ్చాను."

తాలా పోసింది.

"ఎవరే పోయింది?"

"మా కోడి, బామ్మా."

"దానికి నా పేరు పెట్టారా?"

"లేదు బామ్మా. దాని కొడుకు పేరు ఫవాజ్. అందుకని."

"ఏడీ ఆ కొడుకు?"

తాలా పుంజును చూపించింది. అది గోడవార మట్టి కెలుకుతోంది. ముసలమ్మ దాన్ని చాలాసేపు చూసింది. "బుద్ధిమంతుడు. తల్లి దగ్గరే ఉన్నాడు," అంది.

ఎవరూ నవ్వలేదు. ఫవాజ్ తల ఎత్తలేదు. కాఫీ తాగాక ఆమె విదాద్ మేడమ్ వైపు తిరిగి, అందరికీ వినపడేలా అంది. "నేను బతికున్నంత వరకు ఈ బడి జోలికి ఎవడూ రాడు." తర్వాత కొడుకు భుజం పట్టుకుని లేచి, అతని కారులోనే ఇంటికి వెళ్ళింది. ఆ రాత్రి అతను తల్లి దగ్గరే ఉన్నాడని మర్నాడు అబూ తైసీర్ అందరికీ చెప్పాడు. బస్తీ వారం రోజులు నవ్వుకుంది. బడిలో సబ్బు కూడా బాగానే కుదిరింది.

వానలు మొదలయ్యాక ఉమ్ ఫవాజ్ నిజంగానే పోయింది. నిద్రలోనే పోయింది. మసీదు మైకులో చావు కబురు చెప్పే వేళకు కరెంటు లేదు. కొండదారి వరదకు తెగిపోయి చెల్లెలు రాలేకపోయింది. ఫవాజ్ మంచి కాగితం మీద నల్ల అంచుతో అచ్చు వేయించి బస్తీ అంతా అంటించాడు. జనం ఆగి చదివి, నవ్వుకుంటూ పోయారు.

"ఈసారి పుంజు వంతా?" అన్నాడు అబూ తైసీర్, టమాటాలు తూస్తూ.

పరామర్శకు ఎవరూ రాలేదు. ఒకసారి ఏడ్చి నవ్వులపాలైనవాళ్ళు రెండోసారి అందుకు సిద్ధంగా లేరు. తల్లి ఇంట్లో బారులు తీర్చిన ఖాళీ కుర్చీల మధ్య ఫవాజ్ ఒక్కడే కూర్చున్నాడు. ఈసారి ఖురాన్ చదివేవాణ్ణి పిలిపించాడు. అతను ఆ ఖాళీ కుర్చీలకే చదువుతున్నాడు.

తడిసిన గొడుగులతో ఐదో తరగతి పిల్లలు వచ్చారు. వెంట రుదైనా. ఎవరూ చెప్పనక్కర్లేకుండా కొందరు వంటింట్లోకి వెళ్ళి కాఫీ పెట్టారు. కొందరు కుర్చీల్లో నిటారుగా కూర్చున్నారు. తాలా అతని ముందు నిలబడి చెయ్యి ఇచ్చింది. "అల్లా ఆమెను కరుణించాలి. మిగిలిన మీరు చల్లగా ఉండాలి."

ఫవాజ్ ఆ చెయ్యి వదల్లేదు. "కోడికి చేసింది మీరే కదూ?"

"అవును."

"అప్పుడు బోలెడుమంది వచ్చారు."

 తాలా కాఫీ అందించింది. రుదైనా గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఆ రోజు జిగురు తన చేత్తోనే కలిపింది ఆమె. ఈ ఖాళీ కుర్చీలకు కారణం తనేనని ఆమెకు తెలుసు. దగ్గరకు వెళ్ళి ఆ మాటే చెప్పింది.

"ఆవిడ ఆ సంగతి తలుచుకుని రోజూ నవ్వేది," అన్నాడు ఫవాజ్. "అప్పటినుంచి నేను వారం వారం వచ్చేవాణ్ణి." ఖాళీ కప్పు కింద పెట్టి అన్నాడు. "వేసవి సెలవుల దాకా బడి అక్కడే ఉండనివ్వండి. ఆ తర్వాత నావల్ల కాదు. కార్లవాళ్ళకు మాటిచ్చేశాను."

అతను మాట తప్పే మనిషి కాదు. సెలవుల్లో ఇల్లు పడగొట్టారు. బడి టైర్ల దుకాణం పైన, లిఫ్టు లేని మూడో అంతస్తుకు మారింది. ఆ ఏడాది పిల్లలు నేర్చుకున్న మొదటి పాఠం బల్లలు మోయడం.