డైసీ పూలూ, డ్రైనేజీ పైపూ

ఆ ఉదయం టైలరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు ఇంటి ఓనరమ్మ వస్తుంది. పెరట్లో పూసిన షాస్టా డైసీలను చూసి ముచ్చటపడుతుంది. పెరడంతా సిమెంటు చేయించాలన్న ఆలోచన మానుకుంటుంది. "మా ఇంట్లో చూడు, గుమ్మం నుంచి గోడదాకా సిమెంటే" అని నెల రోజులుగా పోరుతున్న మనిషిని, "ఒక్కసారి పూయనివ్వండమ్మా" అని కాళ్లావేళ్లా పడి ఆపాడు. ఇవాళ్టితో ఆ గడువు తీరింది.

రెండేళ్ల కష్టం అది. విత్తనం వేసిన ఏడాది ఆకులు తప్ప ఏమీ రాలేదు. టేపుతో కొలిచి మొక్కకూ మొక్కకూ అడుగున్నర ఎడం పెట్టాడు. వేళ్ల దగ్గర నీళ్లు నిలవకుండా ఇసుక కలిపాడు. నత్తలను చేత్తో ఏరాడు. వాలిపోయిన కాడలను గుడ్డపీలికలతో పుల్లలకు కట్టాడు. ఈ ఏడాది ఏడు దుబ్బులూ విరగబూశాయి. తెల్లటి రేకులు, నడుమ పసుప్పచ్చ గుండీ కుట్టినట్టు.

ఓనరమ్మ లోపలికి రాగానే కళ్లు చెదరాలని పాతిక పూలు కోసి, కూజాలో పెట్టి, ముందుగది బల్లమీద ఉంచాడు. గాలికి రేకులు నలగకుండా కిటికీలన్నీ మూశాడు. ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. పదేళ్ల కిందట వచ్చిన జ్వరంతో అతని ముక్కు వాసన పట్టడం మానేసింది. మల్లెపూలైనా మురుక్కాలవైనా అతనికి ఒకటే.

తొమ్మిదింటికి భార్య ముందుగదిలోకి వచ్చి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏమండీ, ఇక్కడేదో చచ్చింది."

"చావడానికి దానికి ఇవాళే దొరికిందా!" అన్నాడు టైలరు.

బీరువా జరిపితే కూజా ఎక్కడ దొర్లుతుందోనని దాన్ని వంటింట్లో సింకు పక్కన పెట్టి వచ్చాడు. బీరువా జరిపారు, కుట్టుమిషను జరిపారు. ఎలుక లేదు. ఈలోగా మంచినీళ్లకు వెళ్లిన భార్య వంటింట్లోంచి కేక వేసింది.

"ఎలుక కాదండీ, సింకు! కంపు ఇక్కణ్ణుంచే!"

టైలరు ప్లంబర్‌కి ఫోన్ చేశాడు. ప్లంబర్ వచ్చి, వంగి, సింకు గొట్టం వాసన చూసి, మొహం చిట్లించి, దాన్ని ఊడదీశాడు. పాపం, గొట్టం శుభ్రంగా ఉంది. అతని పనికి అడ్డమని టైలరు కూజాను బాత్రూమ్ గూట్లో పెట్టాడు. పది నిమిషాల్లో కంపు బాత్రూమ్‌కి చేరింది. పక్కనే తెల్లగా నవ్వుతున్న పువ్వును ఎవరు మాత్రం అనుమానిస్తారు?

"సార్, వాసన నడుస్తోంది. ముందుగది, వంటిల్లు, ఇప్పుడు బాత్రూమ్. అంటే భూమిలో పైపు పగిలిందన్నమాట. లైను ఇలా పోతుంది" అని ప్లంబర్ వేలు చూపించాడు. వేలు తిన్నగా డైసీ మడి మీదికి పోయింది.

సరిగ్గా అప్పుడే ఓనరమ్మ వచ్చింది. టైలరు పరుగున వెళ్లి కూజా తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ ఒక్క శ్వాస పీల్చి, రెండోది పీల్చలేదు.

"తవ్వెయ్" అంది ప్లంబర్‌తో.

"అమ్మా, రెండేళ్లు పెంచానమ్మా! మీరు చూడనైనా లేదు!"

"పూలు మళ్లీ పూస్తాయయ్యా. పునాది కుంగితే మళ్లీ లేస్తుందా?"

గునపం పడింది. ఏడు దుబ్బులూ పెళ్లలు పెళ్లలుగా లేచి గోడ పక్కన పడ్డాయి. టైలరు మెట్టు మీద కూలబడి, ఎవరున్నారని చూడకుండా కన్నీళ్లు పెట్టుకున్నాడు. పైపు నిక్షేపంలా ఉంది. అయినా పరువు కోసం ప్లంబర్ జాయింటుకు నాలుగు చుట్లు టేపు చుట్టాడు.

ఓనరమ్మకు జాలేసింది. "ఈ కూజా నాకియ్యి. ఎదురుగా ఉంటే నువ్వు ఏడుస్తూనే ఉంటావు" అని తీసుకుని కారు దగ్గరికి నడిచింది. ఎక్కుతూ ఆగింది. "ఈ పైపుల్ని నమ్మి పైన సిమెంటు పోస్తే రేపు మళ్లీ పగలగొట్టుకోవాలి. పెరడు మట్టిగానే ఉండనీ."

అరగంటలో ఇంట్లో కంపు మాయమైంది. "నేను చెప్పలా సార్, జాయింటే!" అని ప్లంబర్ మీసం దువ్వుకున్నాడు. పెరడు దక్కింది, అందులో పెంచడానికి మొక్క లేదు. అన్నం పెట్టి చేతులు కట్టేసినట్టయింది టైలరు పని.

సాయంత్రం పెళ్లలన్నీ ఏరాడు. ఏ ముక్క చూసినా కాసిని వేళ్లు ఉన్నాయి. రెండు మూడేళ్లకోసారి ఈ దుబ్బులను ఎలాగూ తవ్వి విడదీయాలి. ఏడు కాస్తా ఇరవై అయ్యాయి. నీళ్ల చెంబుతో వచ్చిన భార్య, రాలిన పువ్వొకటి తీసి వాసన చూసి, చప్పున పారేసింది.

"ఏమండీ, మనింట్లో ఏదీ చావలేదు. ఇదే."

టైలరుకు సంగతి అర్థమై నోరు తెరిచేలోపే ఫోన్ మోగింది.

"ఏమయ్యా, మా ఇంట్లో కూడా అదే కంపు!" అంది ఓనరమ్మ. "ఆ ప్లంబర్ నంబరు చెప్పు."

నిజం టైలరు నాలిక చివరిదాకా వచ్చింది. చెబితే, రేపు పొద్దున్నే సిమెంటు బస్తాలు దిగుతాయి. అతను ఇరవై ముక్కల వైపు ఒకసారి చూశాడు. నంబరు ఒక్కో అంకే విడమరిచి, రెండుసార్లు చెప్పాడు.

అక్కడ గుమ్మం నుంచి గోడదాకా సిమెంటే కావడంతో, తవ్వడానికి రెండు రోజులు పట్టిందట.