మా ఆయన మనశ్శాంతికి కంపెనీ గ్యారంటీ

మనిషి మనసును మనిషి చేతిలో ఉంచకూడదు. కంపెనీకి అప్పగించాలి!

కోప్పడకండి. బండి తాళం చెవి ఎక్కడ పెట్టాడో గుర్తుండని మగవాడికి సొంత మనసును కాపాడుకోవడం చేతనవుతుందా? మీరే చెప్పండి.

మా ఆయన శశిధర్ సూర్యాపేటలో ఒక ట్రాక్టర్ల షోరూంలో సేల్స్ చూస్తారు. దానికి కోదాడలో, మిర్యాలగూడలో కూడా బ్రాంచీలున్నాయి. ఓనరు జనార్దన్ సార్ ఈమధ్య ఏదో మీటింగుకు వెళ్లి, అక్కడ ‘ఉద్యోగుల మానసిక ఆరోగ్యం’ అనే మాట విని వచ్చారు. వచ్చీ రాగానే మూడు బ్రాంచీల్లోనూ మనశ్శాంతి కంపల్సరీ చేశారు. దానికి లేటుగా వస్తే హాఫ్ డే కట్!

ఎంత ముందుచూపండీ!

షట్టర్ తీయగానే నవ్వుల క్లాసు. స్టాఫంతా ట్రాక్టర్ల ముందు వరుసగా నిలబడి, చేతులు పైకెత్తి హాహాహా, హోహోహో అనాలి. నవ్వు రానివాళ్లు నటించాలి. నటిస్తే మెదడు నమ్మేస్తుందట. మెదడు సంగతేమో గానీ రైతు దస్రు నమ్మేశాడు. ట్రాక్టర్ మడిలో దిగబడి, క్లచ్ పోయి, పాపం పొద్దున్నే తండా నుంచి ఆటోలో పడి వచ్చాడు. వచ్చి చూస్తే ఎదురుగా పదిమంది చేతులెత్తి నవ్వుతున్నారు.

“నా బండి బురదల కూసుంటె మీకు నవ్వులాటగున్నదా?”

“నిన్ను జూసి కాదే దస్రూ! మనశ్శాంతి కోసం నవ్వుతున్నం” అన్నారట మా ఆయన, చేతులు దించకుండానే. దించితే మేనేజర్ చూడడూ?

“మంచిది. మీ శాంతి అయిపోయినంక నా క్లచ్ సూడుండ్రి” అని దస్రు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కాసేపు చూసి చూసి, చివరికి వాళ్ల అవస్థకు తనూ నవ్వాడు. ఆ షోరూంలో అసలైన నవ్వు అదొక్కటే.

ఇక గోడకు మూడ్ బోర్డు. ఆకుపచ్చ బిళ్ల పెడితే సంతోషంగా ఉన్నట్టు, ఎర్ర బిళ్ల పెడితే బాధగా ఉన్నట్టు. ఎర్ర బిళ్ల పెట్టినవాళ్లను మేనేజర్ రామనర్సయ్య గారు క్యాబిన్‌లోకి పిలిచి, బాధ పోయేదాకా మాట్లాడతారు. మొదటిరోజు అలా లోపలికి వెళ్లిన మనిషి బయటికి వచ్చి, ఆకుపచ్చ బిళ్లలు రెండు పెట్టాడు! ఆ తర్వాత బోర్డంతా పచ్చిక బయలే. మెకానిక్ మంగ్త్యా పన్ను నొప్పితో ఒకవైపు దవడ బూరెలా పొంగి వచ్చి కూడా ఆకుపచ్చే పెట్టాడు. ఇంతకంటే ఆరోగ్యం ఏ దవాఖానాలో దొరుకుతుంది?

టేబుల్‌కొక ప్రశాంతత మొక్క కూడా ఇచ్చారు. ఎండిపోతే మెమో. మెమో భయంతో కోదాడ బ్రాంచీవాళ్లు ప్లాస్టిక్ మొక్కలు తెచ్చి పెట్టారు. బాగా పెంచుతున్నారని వాళ్లకే ఫస్ట్ ప్రైజ్ వచ్చింది!

ఇన్ని ఇచ్చిన కంపెనీని పట్టుకుని ఎవరైనా ఆదివారం సెలవు అడుగుతారా? మా ఆయన అడిగారు.

మా అమ్మాయి శిరీష హుజూర్‌నగర్‌లో హాస్టల్లో ఉండి చదువుతోంది. తల్లిదండ్రుల్ని నెలకు ఒక్కసారే, రెండో ఆదివారమే లోపలికి రానిస్తారు. షోరూంకేమో ఆదివారమే గిరాకీ. అందుకని బడి తెరిచినప్పటి నుంచీ నేనొక్కదాన్నే వెళ్లి వస్తున్నాను. పోయిన వారం హాస్టల్ ఫోన్ నుంచి మాట్లాడింది.

“మమ్మీ, ఈసారన్న డాడీని తీస్కరా. మా రూంల పిల్లలు అసలు నాకు డాడీ ఉన్నడా లేడా అని పందెం కాసిన్రు.”

ఆ మాట చెప్పగానే మా ఆయన మరి అన్నం ముట్టలేదు. మర్నాడు నేరుగా ఓనరు దగ్గరికి వెళ్లారు.

“రెండో ఆదివారమా?” అని జనార్దన్ సార్ నిజంగానే నొచ్చుకున్నారు. “ఆ రోజే గద శశీ పెద్ద ప్రోగ్రాం పెట్టిన! ‘కుటుంబానికి టైమిచ్చుడెట్ల’ అని స్పెషల్ క్లాసు. నువ్వే లేకపోతె ఎట్ల?”

న్యాయమే కదండీ! ఎలా ఇవ్వాలో నేర్చుకోకుండా, నేరుగా వెళ్లి కుటుంబానికి టైమిచ్చేస్తే పద్ధతిగా ఉంటుందా?

ఆ క్లాసు చెప్పడానికి విజయవాడ నుంచి సింధూజ అనే కౌన్సిలర్ మేడం రెండు రోజులు ముందే వచ్చారు. క్లాసుకు ముందు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతానన్నారు. చాలా మంచి మనిషి. ఓపిగ్గా వింటారు. కాకపోతే మా ‘యాష్ట’ వాళ్ల ఊళ్లో దొరకదు. విసుగూ, అలుపూ, ఇక నావల్ల కాదురా దేవుడా అనుకోవడమూ మూడూ కలిస్తే మేం ‘యాష్టొచ్చింది’ అంటాం.

“ఎలా ఉంటోంది శశిధర్ గారూ?”

“యాష్టొస్తున్నది మేడం.”

మేడం చెవికి అది ఆస్తమాగా చేరింది.

“అయ్యో! ఎప్పటి నుంచి?”

“ఈడ నౌకరిల చేరిన కాన్నుంచి.”

“ఏ టైంలో ఎక్కువగా వస్తుంది?”

“పొద్దుగాల. నవ్వేటప్పుడు జర ఎక్కువొస్తది.”

“నవ్వితే ఆయాసం వస్తుందండీ, సహజం. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?”

“మా ఇంటామెకు నాకంటె జాస్తి. నన్ను సూస్తెనే వస్తది.”

“దుమ్మూ ధూళీ పడవా?”

“దుమ్ము పడ్తది మేడం. మేనేజరే పడడు.”

“ఆయన సెంటు కొట్టుకుంటారా?”

“మస్తు కొట్టుకుంటడు.”

“అదీ సంగతి! సెంటు వాసన పడట్లేదు మీకు. మరి ఎప్పుడు తగ్గుతుంది?”

“ఆదివారం హుజూర్‌నగర్‌ల మా పిల్ల దగ్గరికి పోతె తగ్గుతది.”

“గాలి మార్పు” అని మేడం తల ఊపి, వెంటనే లేచి వెళ్లి ఓనరుకు చెప్పారు. జనార్దన్ సార్ పరుగెత్తుకుంటూ వచ్చారు.

“గిదేంది శశీ! ముందే జెప్పొద్దా? నీకేదో మనసు బాగలేదేమో అనుకున్న. పానం బాగలేకపోతె సెలవు తీస్కోవాలె గద! పో, ఆదివారం పో.”

వెళ్లాం. టిఫిన్ బాక్సులో కోడికూర, పక్కన ఆస్తమా. శిరీష గేటు దగ్గరే వాళ్ల డాడీ చెయ్యి పట్టుకుని, ఒక్కో రూమూ తిప్పింది. “సూసిన్రా? ఇగో, మా డాడీ. ఉన్నడు!” మా ఆయన సాయంత్రం దాకా నవ్వుతూనే ఉన్నారు. చేతులు మాత్రం పైకెత్తలేదు.

మేడం మిగతా బ్రాంచీలకు వెళ్లేలోపే సంగతి మూడు ఊళ్లకూ పాకింది. మిర్యాలగూడ బ్రాంచీలో అందరికీ ఒకేసారి యాష్టొచ్చింది. చిక్కంతా కోదాడవాళ్లకే! ఆంధ్రా బోర్డరు పక్కన ఉండి, అటు మాటలు మాట్లాడీ మాట్లాడీ, “విసుగొస్తుందండీ” అని శుభ్రంగా చెప్పేశారు. మేడంకు శుభ్రంగా అర్థమైంది. తలా ఒక బుడగ ఇచ్చి, విసుగంతా అందులోకి గట్టిగా ఊదమన్నారు.

అక్కడి క్యాషియర్ రజని నిన్న నాకు ఫోన్ చేసింది. “అక్కా, ఆ మాట ఇంకోసారి చెప్పవా? నోరు తిరగట్లేదు. మా అబ్బాయి స్కూల్ డే కూడా ఆదివారమే.”

నేర్పుతున్నాను. పలకడం వచ్చేసింది, కాస్త దగ్గు కలపాలి.

డిగ్రీ దాకా చదివినదానివి, ఆ మాటకు అసలు అర్థం మేడంకు చెప్పడం నీ బాధ్యత కాదా అని మీరు అడగొచ్చు. బాధ్యతే. కానీ చెప్పేస్తే అది మనసు జబ్బు అయిపోతుంది. మనసు జబ్బుకు మా షోరూంలో నవ్వులున్నాయి, బిళ్లలున్నాయి, మొక్కలున్నాయి, బుడగలున్నాయి. సెలవు ఒక్కటే లేదు.

ఈ పొద్దున మేడమే స్వయంగా ఫోన్ చేశారు. “శశిధర్ గారికి ఊపిరి బాగా ఆడుతోందా అండీ?”

“ఆదివారం మంచిగ ఆడింది మేడం” అన్నాను. “మల్ల రెండో ఆదివారం దాక బిగబట్టుకొమ్మని చెప్పిన.”