జబ్బు చేయని కంప్యూటర్ దేనికి?

కంప్యూటర్ చెడిపోవడం మహాభాగ్యం. నవ్వకండి, నేను తమాషాకి అనడం లేదు. ఇంట్లో అన్నీ సవ్యంగా నడిచే మనిషిని చూస్తే నాకు జాలి. ప్రింటర్ అడగ్గానే కాగితం ఇస్తుంది, పాస్‌వర్డ్ మొదటిసారికే ఒప్పుకుంటుంది. ఇక ఆ మనిషితో ఎవరు మాట్లాడతారు? ఎందుకు మాట్లాడాలి?

నమ్మకపోతే కాలువ అవతల మా ఎదురింటి డౌవెని చూడండి. ఇదంతా ఆయనే నాకు కాఫీ తాగుతూ చెప్పాడు. ఆ కాఫీకి మేం ఇరవై రోజుల ముందే డైరీల్లో రాసుకున్నాం.

డౌవెకి అరవై రెండేళ్లు. ఫ్రీస్‌లాండ్‌లోని మా ఊరి కాలువ మీద వంతెన ఎత్తే ఉద్యోగం ఇరవై ఎనిమిదేళ్లు చేశాడు. పడవ వస్తే వంతెన లేపడం, పడవవాళ్లతో నాలుగు మాటలాడడం, మళ్లీ దించడం. తర్వాత ఎక్కడో ఆఫీసులో కూర్చున్న ఒకాయన, కెమెరాలో చూస్తూ, పదకొండు వంతెనల్ని తానొక్కడే లేపేయసాగాడు. డౌవె చేతిలో పూలగుత్తి పెట్టి ఇంటికి పంపారు. అప్పటినుంచి దూరాన కూర్చుని చేసే పని అంటేనే ఆయనకు ఒళ్లుమంట.

ఆయనకు ఒక్కతే చెల్లెలు, హిల్కె. రైల్లో మూడు గంటల దూరంలో, ఐండ్‌హోవెన్‌లో, ఒక ఆఫీసు కంప్యూటర్లన్నీ ఆమె చేతిమీదే నడుస్తాయి. అన్నకి చెల్లెలంటే ప్రాణం, చెల్లెలికీ అంతే. కానీ మాది డైరీల దేశం. తోడబుట్టినవాళ్లతో కాఫీ తాగాలన్నా మూడు వారాల ముందు రాసుకోవాలి. ఊరికే ఫోన్ చేస్తే, ఎవరు పోయారోనని అవతలివాళ్లు హడలిపోతారు.

ఒక ఆదివారం డౌవె ఏ మీట నొక్కాడో ఏమో, తెర తలకిందులైంది. కంగారులో డైరీ సంగతి మరిచి చెల్లెలికి ఫోన్ చేశాడు.

"కంగారుపడకు అన్నయ్యా. ఆ మూల నీలం బొమ్మ నొక్కు. తొమ్మిది అంకెలొస్తాయి, చదివి చెప్పు. నేనిక్కణ్ణుంచే లోపలికొచ్చి చూస్తాను."

"అన్నీ తలకిందులుగా ఉన్నాయే. ఇది ఆరంటావా, తొమ్మిదంటావా?"

"కంప్యూటర్నే తిరగేసి చదువు, మహానుభావా."

మరుక్షణం తెర మీది బాణం తనంతట తాను నడవడం మొదలుపెట్టింది. మరమ్మతుకి ఒక నిమిషం పట్టింది, కబుర్లకి గంటన్నర. ఆమె మోకాలి నొప్పి, ఈయన పొగబెట్టిన చేప, వాళ్లమ్మ కాచే బఠాణీల సూప్, అన్నీ వచ్చాయి. కాఫీతో ఒక్క బిస్కెట్ ఇచ్చి డబ్బా మూత పెట్టేయడం మా ఆచారం. ఆ రోజు డౌవె మూడు తిన్నాడు.

ఇంతకీ తేలిందేమిటి? మనిషికి డైరీ కావాలి, జబ్బుపడిన కంప్యూటర్‌కి అక్కర్లేదు!

ఇక చూడండి, ఆ కంప్యూటర్‌కి రాని రోగం లేదు. ఒక వారం అక్షరాలు గుమ్మడికాయలంత అయ్యాయి. మరో వారం ప్రింటర్‌కి మాట పడిపోయింది. దాని వైరు పక్కనే పడి ఉండడం కాకతాళీయం. మనిషికి గనక ఇన్ని రోగాలొస్తే డాక్టర్లు పరిశోధన కోసం అట్టేపెట్టుకునేవారు.

మా ఊళ్లో కిటికీలకు పరదాలు వేసుకోరు. దారినపోయేవాళ్లకి మీ భోజనాల బల్ల, మీ పిల్లి, అన్నీ కనిపిస్తాయి. కానీ ఎవరూ చూడరు, చూడకపోవడమే మర్యాద. ఆ అలవాటుకొద్దీ డౌవె తెర మీద కూడా ఏదీ మూసిపెట్టడు. ఒక ఆదివారం హిల్కె లోపలికొచ్చేసరికి ఆయన రాసుకున్న జాబితా తెరిచే ఉంది. ప్రింటర్, అయింది. పెద్ద అక్షరాలు, అయింది. మౌస్, ఈ వారం.

బాణం ఆ జాబితా మీద కాసేపు నిలబడింది.

"ఈసారి ఏమైంది అన్నయ్యా?"

"మౌస్."

"అనుకున్నాను," అంది హిల్కె.

ఏప్రిల్‌లో ఆ కంప్యూటర్ నిజంగానే చచ్చిపోయింది. హిల్కె కొత్తది పంపించింది. అంకెలు చదివించే పని లేకుండా, ఎప్పుడంటే అప్పుడు లోపలికొచ్చే ఏర్పాటు అన్నని అడిగే చేసుకుంది. "ఇంటి తాళమే నీ దగ్గరుంది, దీనికేముంది," అన్నాడు డౌవె.

ఆ కొత్తది మహా బుద్ధిమంతురాలు. వైరు పీకితే ఏ వైరో అదే చెబుతుంది. తలకిందులు చేస్తే తనే లేచి నిలబడుతుంది. నాలుగు ఆదివారాలు గడిచాయి. ఒక్క జబ్బు లేదు, ఒక్క ఫోనూ లేదు. డైరీ తీస్తే హిల్కెతో కాఫీ జూన్ పద్నాలుగున ఉంది. డౌవెకి చెల్లెలి మీద బెంగ పట్టుకుంది. బిస్కెట్ డబ్బా మూత కూడా తీయలేదు.

అయిదో ఆదివారం మధ్యాహ్నం కంప్యూటర్‌లో రేడియో పెట్టుకుని, కప్పు పట్టుకుని కూర్చున్నాడు. ఉన్నట్టుండి తెర మీది బాణం కదిలింది. రెండు చేతులూ కప్పు మీదే ఉన్నాయి. బాణం మెల్లగా కింది మూలకి నడిచి, అక్కడున్న స్పీకర్ బొమ్మని నొక్కింది. పాట ఆగింది. బాణం ఏమీ ఎరగనట్టు తన చోటికి తాను వెళ్లిపోయింది.

డౌవె కిటికీలోంచి కాలువ వైపు చూశాడు. ఆయనేమీ చూడలేదు. మర్యాద మర్యాదే కదా! తర్వాత ఫోన్ తీశాడు.

"హిల్కె, పాట ఆగిపోయిందే."

"అయ్యో. ఏం ముట్టుకున్నావు?"

"నేనేం ముట్టుకోలేదు. ఏం రోగమో ఏమో."

"ఇదంత తొందరగా తేలేది కాదన్నయ్యా. ఆ బిస్కెట్ డబ్బా దగ్గర పెట్టుకుని కూర్చో."

కాబట్టి పాఠకులారా, చెడిపోయే కంప్యూటర్‌ని తిట్టకండి. మూడు వారాలకు గానీ దొరకని మనిషి, దాని పేరు చెబితే మూడు నిమిషాల్లో దొరుకుతుంది.

నా కంప్యూటర్ మాత్రం మూడేళ్లుగా నిక్షేపంలా పనిచేస్తోంది. మొన్న ఆదివారం మా తమ్ముడికి చేద్దామని ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. ఏం చెప్పి చేయాలో తోచక మళ్లీ బల్ల మీద పెట్టేశాను. ఈ ప్రింటర్ వైరు ఎక్కడుంటుందో మీలో ఎవరికైనా తెలుసా?