ఇద్దరిలో ఒకడు చావాల్సిందే!

ఇద్దరు మగవాళ్లు ప్రేమించుకునే కథ ఏదైనా సరే, పద్దెనిమిదో వారం దాటకముందే వాళ్లలో ఒకడు చచ్చిపోవాలి. ఇది నా నిశ్చితాభిప్రాయం. లారీ కింద పడినా, పేరు తెలియని జ్వరమొచ్చినా నాకు అభ్యంతరం లేదు. బతికి బట్టకట్టడం మాత్రం కుదరదు!

తొందరపడి నన్ను తిట్టకండి. అనుభవంతో చెబుతున్నాను. ఒక వారపత్రికలో ఇలాంటి సీరియళ్లు ఇప్పటికి మూడు రాశాను. మూడూ హిట్టే. మూడింట్లో కలిపి నలుగురిని చంపాను. ఒకదాంట్లో ఎడిటర్ గారు ఇద్దర్నీ అడిగారు, కాదనలేకపోయాను.

నాకు పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. ఈ సంగతి ప్రతి సీరియల్ మొదట్లో, నా ఫోటో కింద, ప్రత్యేకంగా వేయిస్తాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం కాదండీ, పాఠకులకు ఒక భరోసా! మరి తెలియని విషయం ఎలా రాస్తావంటారా? దెయ్యాల కథలు రాసేవాళ్లంతా ముందు చచ్చి చూసొచ్చారా?

నా పాఠకులూ అలాంటివాళ్లు కారు. గృహిణులు, రిటైరైన హెడ్మాస్టర్లు, ఒక పళ్ల డాక్టరు. వాళ్లకి కావలసిందల్లా మధ్యాహ్నం పూట కాసేపు హాయిగా ఏడవడం. అందులో తప్పేముంది?

అందుకే నా హీరోలను ఒక పద్ధతి ప్రకారం తయారు చేస్తాను. ఒకడు ఆరడుగుల కంపెనీ ఓనరు, ఎప్పుడు చూసినా కోపంగా ఉంటాడు. రెండోవాడు సన్నగా తీగలా ఉండి, వానలో తడిస్తే స్పృహ తప్పుతాడు. వీళ్లలో భార్య ఎవరన్న సందేహం పాఠకులకు రెండో వారానికల్లా తీరిపోవాలి, లేకపోతే ఉత్తరాలొస్తాయి. ఇద్దరికీ పాతికేళ్లు దాటకూడదు, బట్టతల రాకూడదు. కంపెనీ ఓనరు నాలుగు వారాలకొకసారి "నేను అలాంటివాణ్ణి కాదు, నువ్వు కాబట్టే..." అనాలి. అలాంటివాడంటే ఎలాంటివాడో మాత్రం ఎవరూ అనకూడదు!

మామూలు ప్రేమకథ రాయాల్సి వస్తే హీరోయిన్ పక్కన షాపింగ్ సంచులు మోయడానికి అలాంటివాణ్ణి ఒకణ్ణి పెడతాను. జోకులేస్తాడు, ఆమె ఏడిస్తే రుమాలిస్తాడు. అతనికి ఇల్లుండదు, అమ్మానాన్నా ఉండరు. హీరోయిన్‌కి పనిలేని రోజుల్లో అతను ఎక్కడుంటాడో నాక్కూడా తెలియదు. ఆ సంచులతో పాటే మడిచి అటక మీద పెడతారేమో!

ఇంతకీ చంపడం దేనికంటారా? చచ్చినవాడి కళ్లు చారెడన్నారు పెద్దలు. చచ్చిపోతే జాలి, బతికుంటే చర్చ. చచ్చినవాడి కోసం రుమాలు తడుపుకుని, "మనుషులెంత కఠినాత్ములమ్మా!" అని నిట్టూర్చి, పత్రిక మూసేసి కూర పొయ్యి మీద పెట్టుకోవచ్చు. అదే బతికున్నాడనుకోండి, ఎదురింట్లోకి అద్దెకు దిగొచ్చు! మన పాపాయి పుట్టినరోజుకు పిలవాలా వద్దా అని మనం తల బద్దలు కొట్టుకోవాలి! పాఠకులను అంత ఇబ్బందిలో పెట్టడం రచయిత చేయాల్సిన పనేనా?

ఒక హెడ్మాస్టరు గారు నాకు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. నా సీరియల్ చదివాక ఆయన హృదయం విశాలమైపోయిందట. ఉత్తరం చివర, తన ఇంటి వెనక గది ఖాళీగా ఉందనీ, పెళ్లయినవాళ్లకే ఇస్తాననీ పత్రికలో ఉచితంగా వేయించగలరా అని అడిగారు. వేయించాను.

అందరికంటే పెద్ద అభిమాని మా అమ్మ. మొదటి సీరియల్లో సన్నవాడు పోయిన వారం ఆవిడ రెండు పూటలు అన్నం మానేసింది. "ఆ పిల్లాడి ఇంట్లోవాళ్లు మనుషులా, రాక్షసులా? వచ్చి ఒక్కసారి పలకరిస్తే వాళ్ల సొమ్మేం పోయిందిరా?" అని నన్ను నిలదీసింది. పక్క కుర్చీలో మా చిన్న మామయ్య, అంటే ఆవిడ సొంత తమ్ముడు, నా చొక్కాకి గుండీ కుడుతున్నాడు. ఆయన టైలరు.

"నిజమే అక్కా," అన్నాడు దారం కొరుకుతూ. "మన గుమ్మం బయట ఒకాయన అరగంట నుంచి నిలబడున్నాడు. ఆయన్నీ ఒకసారి పలకరిద్దూ."

"ఎవరూ, మీ పై వాటా ఆయనేనా? ఆయనకి మొహమాటమెక్కువరా, పిలిచినా రాడు," అంది అమ్మ కళ్లు తుడుచుకుంటూ. పిలవలేదు.

పై వాటా ఆయన బస్సు డ్రైవరు. ఆయనా మామయ్యా ఇరవై రెండేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఆ ఇంటికి పై వాటా లేదు. పైన నీళ్ల ట్యాంకు ఉంది. ఇన్నేళ్లుగా ఆయన ఆ ట్యాంకులోనే కాపురముంటున్నాడని మా బంధువులందరి గట్టి నమ్మకం.

వాళ్ల గురించే రాయొచ్చు కదా అంటారేమో. అదీ చూశాను! డ్రైవరు గారి యూనిఫాం ప్యాంటుకు మామయ్య ఏటా అరంగుళం నడుము వదులు చేస్తాడు. ఫ్యాను మూడులో పెట్టాలా నాలుగులో పెట్టాలా అని ఇద్దరూ రోజూ కీచులాడుకుంటారు. ఇదంతా రాసి పంపితే ఎడిటర్ గారు, "ఇందులో ఏముందండీ? అచ్చం మా ఇంట్లోలాగే ఉంది," అని తిప్పి పంపేశారు. ఆయనన్నదీ నిజమే. ఇన్నేళ్లు కాపురం చేసి పొట్టలు పెంచుకున్న ఇద్దరి మీద ఎవరికి జాలి కలుగుతుంది?

ఒక్క మాట మాత్రం వాళ్ల దగ్గర దొంగిలించాను. ఒకరోజు మామయ్య కొట్టుకి జాకెట్టు కోసం వచ్చినావిడ, "రేపు సాయంత్రం తెరిచుంటుందా?" అని అడిగింది.

"ఉండదమ్మా. రేపు మా ఆయనకి సెలవు, ఇద్దరం బయటికెళ్తాం."

మాట తడబడిందనుకుని ఆవిడ నవ్వేసింది. మామయ్య నవ్వలేదు. కత్తెర అందుకుని గుడ్డ కత్తిరించడం మొదలుపెట్టాడు. నేనక్కడే ఉన్నాను. ఆడవాళ్లు రోజుకు పాతికసార్లు అనే మాటే, అయినా ఒక మగవాడి నోట అంత మామూలుగా వినడం అదే మొదటిసారి. దాన్ని నా మూడో సీరియల్లో సన్నవాడి నోట పెట్టాను. "మా ఆయన ఇంకా అన్నం తినలేదు" అంటాడు వాడు.

మా పత్రిక ప్రూఫ్ రీడరు ముప్పై ఏళ్లుగా ఒక్క అచ్చుతప్పు కూడా వదలని మనిషి. ఎర్ర సిరా తీసి "మా అన్నయ్య" అని దిద్దేశాడు. పదమూడు వారాలు ప్రేమించుకున్నవాళ్లు పద్నాలుగో వారంలో అన్నదమ్ములైపోయారు!

వెళ్లి అడిగాను. "అది అచ్చుతప్పు కాదండీ, కావాలనే రాశాను."

"కావాలని తప్పెవరు రాస్తారండీ?" అన్నాడాయన, నిజంగానే అర్థం కాక. "మగవాడికి ఆయనెలా ఉంటాడు?"

నేను వాదించలేదు. సోదరప్రేమను మెచ్చుకుంటూ ఆ వారం నలభై ఉత్తరాలొచ్చాయి. పామూ చావలేదు, కర్రా విరగలేదు.

పోయిన నెల డ్రైవరు గారికి డ్యూటీ దిగుతుండగా గుండెలో నొప్పొచ్చింది. మామయ్య ఫోన్ చేస్తే ఆసుపత్రికి పరిగెత్తాను. మధ్యాహ్నం రెండింటికి ఐసీయూ తలుపు దగ్గర మామయ్య, ఎదురుగా చేతిలో కాగితాలతో నర్సు.

"పేషెంటుకి మీరేమవుతారు?" అని అడిగిందామె.

మామయ్య నోరు తెరిచాడు. కొట్లోంచి ఉన్నవాడు ఉన్నట్టే వచ్చేసినట్టున్నాడు, మెడలో టేపు ఇంకా వేలాడుతోంది. దాని కొసలు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. కొట్లో అంత తేలిగ్గా వచ్చిన మాట అక్కడ గొంతు దాటలేదు. నా వైపు చూశాడు. నర్సు కూడా నా వైపే తిరిగింది.

"ఏమవుతారండీ ఈయన?"

నేనెవర్ని? మూడు సీరియళ్ల రచయితను! ఇద్దరు మగవాళ్ల ప్రేమ గురించి ఈ ఊళ్లో నాలుగు ముక్కలు చెప్పగలిగినవాడెవడంటే నేనే కదా! బెంచీ మీద కూర్చున్న నలుగురైదుగురు మా వైపే చూస్తున్నారు. అందులో ఒకావిడ చేతిలో మా పత్రిక కూడా ఉంది.

"తెలిసినాయనండీ," అన్నాను.

"బంధువుల్నే పంపమన్నారండీ," అంది నర్సు, తలుపు మూసేసింది.

మూడు రోజులు మామయ్య ఆ బెంచీ మీదే ఉన్నాడు. రెండో రోజు డ్రైవరు గారి అన్న కొడుకట, ఇరవై ఏళ్లుగా మొహం చూపించనివాడు, వచ్చి నేరుగా లోపలికెళ్లి అయిదు నిమిషాలు కూర్చుని వెళ్లిపోయాడు. ఆయన రోజూ ఏ మందులు వాడతాడో, ఏ మందు పడదో అతన్ని అడిగితే తెలియదన్నాడట. నర్సు బయటికొచ్చి బెంచీ మీదున్న మామయ్యని అడిగి రాసుకుంది. రాసుకుని మళ్లీ తలుపు మూసింది.

మనిషి బతికాడు. నా సిద్ధాంతానికి పూర్తి విరుద్ధంగా, శుభ్రంగా కోలుకుని ఇంటికొచ్చాడు! మొన్న చూడ్డానికి వెళ్లాను. ఆయన మంచం మీద నిద్రపోతున్నాడు, ఆ పక్కనే మామయ్య మిషను వేసుకుని అంచు కుడుతున్నాడు. నాకు సిగ్గుగా ఉంది. ఆ రోజు సంగతి ఎత్తి ఏదో సంజాయిషీ చెప్పుకోబోయాను. మామయ్య సాగనివ్వలేదు.

"అది వదిలెయ్‌రా. నీ సీరియల్ ఎంతవరకొచ్చింది?"

"అయిపోయింది మామయ్యా, పోయిన వారమే."

"చంపేశావా?"

"చంపేశాను."

"మంచి పని చేశావు," అన్నాడు మిషను తొక్కుతూ. "బతికుంటే, వాళ్లెవరని నిన్ను ఎవరైనా అడిగేవాళ్లు."