సెక్రటరీగారి డ్రయరు

సెక్రటరీగారు ఆ ఉదయం ఆరింటికే లేచి కాగితం మీద కార్యక్రమం రాసుకున్నారు. ముందు తెల్లచొక్కా ఉతకడం, ఏడింటికి డ్రయరులో వేయడం, ఎనిమిదింటికి ఇస్త్రీ, పదకొండింటికి ఇంటర్వ్యూ. పద్దెనిమిదేళ్లుగా రికార్డు సెక్షనులో గుమస్తాగా ఉన్న మనిషి సూపరింటెండెంటు కావడానికి ఇదే ఆఖరి అవకాశం. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. ఇక సెక్రటరీ అన్నది వాళ్లుండే అపార్టుమెంట్ల సంఘంలో పదవి. జీతం లేనిది కనక దాన్ని ప్రాణంగా చూసుకునేవారు.

పోయినేడాది ఇదే ఇంటర్వ్యూలో ఆయన తప్పారు. కారణం ఆయన దృష్టిలో ఒక్కటే: కలిసొచ్చే నీలంచొక్కాని భార్య ఎక్కడో పారేసింది. నేను పారేయలేదు మొర్రో అని ఆవిడ ఏడాదిగా మొత్తుకుంటూనే ఉంది.

ఎనిమిదింటికి డ్రయరు తలుపు తీస్తే చొక్కా అప్పుడే పిండినట్టుంది. ఆ మిషను ఏడాదిగా అంతే. ఎవరైనా నోరెత్తితే, పట్టుబట్టి కొన్నవారు కనక, "నిదానమే ప్రధానం" అనేవారాయన. ఈ పూట మాత్రం ఆ మాట నోటికి రాలేదు.

"బయట ఎండ మండిపోతోంది అల్లుడుగారూ. బాల్కనీలో వేస్తే అరగంట పని," అన్నారు అత్తగారు.

"బాల్కనీల్లో బట్టలారేస్తే బిల్డింగు పరువేం కావాలి అత్తయ్యగారూ?"

ఆ నిషేధం పెట్టింది ఆయనే. ప్రతి బాల్కనీ గోడకీ ఆయన సంతకంతో నోటీసు అంటించి ఉంది, సొంత బాల్కనీతో సహా.

అప్పుడు మిషనుతో వచ్చిన పుస్తకం తీసి చదివారు. పొడి తువ్వాలు ఒకటి వేస్తే తడి పీల్చుకుని బట్టలు తొందరగా ఆరతాయని అందులో ఉంది. వేశారు. పావుగంటకి తువ్వాలు తడిసింది, చొక్కా ఆరలేదు. ఒక తువ్వాలు చాలలేదన్నమాట అనుకుని రెండోది వేశారు. తర్వాత దుప్పటి. ఆ దుప్పటి తడి పీల్చడానికి బీరువాలో ఉన్న చొక్కాలూ, ప్యాంట్లూ. ఆఖరికి ఆస్పత్రిలో నర్సుగా చేసే భార్య రాత్రి డ్యూటీకి మడిచి పెట్టుకున్న యూనిఫారం కూడా.

"అదెందుకండీ వేశారు? నేనేం కట్టుకుపోవాలి?"

"పొడిగా ఉంది కాబట్టే వేశాను."

"ఇకనుంచి ఉండదుగా," అందావిడ.

అత్తగారు ముందుజాగ్రత్తగా శాలువా గట్టిగా చుట్టుకుని గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నారు. తొమ్మిదింటికి ఆ ఇంట్లో పొడిగా మిగిలినవి ఒంటి మీది బట్టలూ, సెక్రటరీగారి గొంతూ. ఆయన బనియనుతో మిషను ముందు చతికిలబడిపోయారు.

"పద్దెనిమిదేళ్లు ఫైళ్ల దుమ్ము దులిపాను. నా కింద చేరినవాళ్లు నా నెత్తినెక్కి కూచున్నారు. ఇవాళ బనియనుతో వెళ్లమంటావా?" అన్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. భార్య మెకానిక్కుకి ఫోన్ చేసింది.

మెకానిక్కు తొమ్మిదింపావుకి వచ్చాడు. నూలు పట్టే జల్లెడ చూశాడు, శుభ్రంగా ఉంది. లోపల చెయ్యిపెట్టి చూశాడు, వేడి బాగానే ఉంది.

"తడిగాలి బయటికి పోయే గొట్టం ఎక్కడుంది సార్?"

గొట్టం మూతి బాల్కనీ గోడలో, సరిగ్గా నోటీసు కింద ఉంది. అతను వేలుపెట్టి చూశాడు.

"ఎవరో గుడ్డ కుక్కారు సార్. గట్టిగానే కుక్కారు. గాలి పోకపోతే బట్టలెక్కడ ఆరతాయి?"

సెక్రటరీగారికి ప్రాణం లేచొచ్చింది. "అదీ సంగతి. ఈ ఇంట్లో మిషనంటే ఎవరికీ లెక్కలేదు. కుక్కిందెవరో ఇప్పుడే తేలాలి," అని గదిలో ఉన్న అత్తగారికి వినబడేలా అన్నారు.

మెకానిక్కు రెండు చేతులా పట్టి లాగాడు. వచ్చింది నీలంచొక్కా.

పోయినేడాది ఇంటర్వ్యూ ముందురోజు సాయంత్రం గొట్టంలో పావురం గూడు పెట్టబోతుంటే, కరెంటు లేని చీకట్లో కుర్చీ మీద చేతికందిన గుడ్డ తీసి కుక్కింది తానేనని సెక్రటరీగారికి అప్పుడు గుర్తొచ్చింది.

"నేను పారేశానన్నారు. మా తమ్ముడి ముందు కూడా అన్నారు," అంది భార్య. గొంతు పెంచలేదు. చొక్కా అందుకుని దులిపింది, వాసన చూసింది, ఇస్త్రీపెట్టె ఆన్ చేసింది.

గడియ తీసుకుని వచ్చిన అత్తగారు చొక్కా తడిమి చూశారు. "శుభ్రంగా ఆరింది. ఎండకి," అన్నారు.

వేరే దారి లేదు. సెక్రటరీగారు అదే తొడుక్కుని పరుగెత్తారు.

సాయంత్రం ఆయన తిరిగొచ్చేసరికి ఇంట్లో బట్టలన్నీ బాల్కనీలో, నోటీసుకి అడ్డంగా కట్టిన తాడు మీద ఆరుతున్నాయి. సెక్రటరీగారింట్లోనే కట్టారు కదా అని పైవాళ్లూ, కిందవాళ్లూ కూడా తాళ్లు కట్టేశారు. ఆయన అన్నీ చూశారు. వంగి బుట్టలోంచి ఒక్కో క్లిప్పూ తీసి భార్యకి అందించడం మొదలుపెట్టారు.

"ఏమైందండీ?" అని ఆవిడ మెల్లగా అడిగింది.

"నాకన్నా పన్నెండేళ్లు చిన్నవాడికిచ్చారు."

"మరి మిమ్మల్నేమన్నారు?"

"చొక్కా బాగుందన్నారు."