చర్చబండ మీద చుక్కన్న భవిష్యత్తు

ఒక పెద్ద అడవిలో, ఆట ఉన్న పూట పులి కూడా వేట మానుకుని గట్టెక్కి కూర్చునే అడవిలో, ఇప్పతోపు ఫుట్‌బాల్ క్లబ్బని ఒకటుండేది. అది గెలిచి చాలా కాలమైంది. అయినా అభిమానులకు లోటు లేదు. గెలిచే జట్టు గురించి మాట్లాడుకోవడానికి ఏముంటుంది గనక!

గోలు వెనకాల బల్లపరుపుగా ఒక బండ ఉండేది. దాన్ని చర్చబండ అనేవారు. అసలు క్లబ్బు నడిచేది అక్కడే. మైదానం వైపు చూస్తే మనసు ఆట మీదికి పోయి చర్చ పాడవుతుందని, బండ మీద అందరూ అటు వీపు పెట్టి కూర్చోవాలని పెద్దలు ఏనాడో కట్టడి చేశారు. లేచి వాళ్లకెదురుగా నిలబడి మాట్లాడేవాడు ఎలాగూ ఆవేశంలో కళ్లు మూసుకునేవాడు గనక అతనికీ ప్రమాదం లేదు. ఆటయ్యాక ఎవరు గెలిచారో కాకి కావమ్మ వచ్చి చెప్పేది. అప్పుడు జట్టును తిట్టేవారు.

ఇంకో కట్టడి కూడా ఉంది. కొత్త ఆటగాడు ఎంతటివాడవుతాడో బండ మీద తేలేదాకా వాణ్ణి మైదానంలోకి దించకూడదు.

ఆ బండ మీద ముట్టెప్ప అనే అడవిపంది ఉండేవాడు. దుంపలు తవ్వుకోవడానికి పోయి, వాగు పక్కన వెలక్కాయను గిట్టలతో తన్నుకుంటున్న దుప్పి కుర్రాణ్ణి చూశాడు. పేరు చుక్కన్న. వెలక్కాయ ఆ గిట్టలకు అతుక్కుపోయినట్టుంది. రెండు చెట్ల సందులోంచి, ముళ్లపొద మీంచి వాడు దాన్ని ఎక్కడికి పంపాలనుకుంటే అక్కడికి పంపుతున్నాడు. ముట్టెప్ప నోట్లో దుంప అలాగే ఉండిపోయింది. నమలడం మరిచిపోవడం అతని జన్మలో అదే మొదటిసారి.

"ఏరా అబ్బాయ్, మా క్లబ్బులో ఆడతావా?" అన్నాడు.

"ఎప్పుడు మావా?" అన్నాడు చుక్కన్న. అప్పటికే వాడి తోక ఆడుతోంది.

ముట్టెప్ప వాణ్ణి వెంటబెట్టుకొచ్చి బండ ముందు నిలబెట్టాడు. అంతే, అడవంతా గోల.

"వీడు ఇంకో గాలయ్య!" అని ముట్టెప్ప ప్రకటించాడు. గాలయ్య అంటే పూర్వం ఆ క్లబ్బుకు ఆడిన కృష్ణజింక. ఎంత గొప్పవాడంటే, గోలు కొట్టి సంబరంగా చిందులేస్తూ చిందులేస్తూ నేరుగా పులి పొదలోకి వెళ్లిపోయాడు. తర్వాత మళ్లీ ఆడలేదు.

తాబేలు డిప్పయ్య తాత తల బయటికి చాచాడు. "గాలయ్య పేరెత్తకండ్రా. గాలయ్యను ఈ కళ్లతో చూసినోణ్ణి నేను." అప్పటికింకా కట్టడి లేదు, చూసిన మాట నిజమే. బంతి ఇటొస్తే తల లోపలికి లాక్కునేవాడు గనక సగం చూశాడు.

కోతి కొమ్మేశ్వర్రావు గొంతు సవరించుకున్నాడు. ఆయన బంతి తన్నింది లేదు గానీ, ఆట గురించి ఆయన నోరు మూసింది కూడా లేదు. "అసలు విషయం మీకెవరికీ పట్టట్లేదు. వీడి కుడి గిట్టలో ప్రతిభ ఉంది. ఎడమ గిట్టలో పరిపక్వత లేదు. తొందరపడి ఆడిస్తే రెండూ పోతాయి."

"చుక్కన్న ఎడమ గిట్టకు తీరని జబ్బు!" అని కావమ్మ అడవంతా చెప్పొచ్చింది.

ఎండలు పోయి వానలొచ్చాయి. వానలు పోయి ఇప్పపూలు రాలాయి. చర్చ తేలలేదు. చుక్కన్న గీత బయట నిలబడి, ఆడేవాళ్లను చూస్తూ, నేలను గిట్టతో గీరుతూ ఉండేవాడు. గీరి గీరి అక్కడ చిన్న గుంట పడింది.

ఒకసారి ముట్టెప్ప దగ్గరికొచ్చి, "మావా, ఒక్కసారి దింపమని చెప్పవా?" అన్నాడు.

"ఓపిక పట్టరా. నీ గురించి ఎంత గొప్పగా చెప్పుకుంటున్నామో నీకేం తెలుసు?"

"చెప్పుకునేది వినపడుతూనే ఉంది మావా. కాళ్లే తిమ్మిరెక్కుతున్నాయి."

ముట్టెప్పకు మనసు చివుక్కుమంది. వాడంటే అతనికి నిజంగానే ప్రాణం. కాకపోతే బండ మీద తన పరువంటే ఇంకాస్త ఎక్కువ ప్రాణం.

అంతలో ఏటవతలి అడవివాళ్లతో ఆట దగ్గరపడింది. ముందుండి ఆడే కొండముచ్చు కొమ్మ మీంచి జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. క్లబ్బు ప్రెసిడెంటు ఏనుగు దంతేశం గారు బండ దగ్గరికొచ్చారు. అంత పెద్ద శరీరం, బండ మీదివాళ్లు అరిస్తే మాత్రం చెవులు ముడుచుకుంటారు.

"ఆ దుప్పి కుర్రాణ్ణి దించుదామా? ముట్టెప్పా, వాణ్ణి తెచ్చింది నువ్వు. నీ మాటే ఖాయం చేస్తా. ఊఁ అను, చాలు."

ముట్టెప్ప నోరు తెరిచాడు. అప్పుడే కొమ్మేశ్వర్రావు చెవిలో గొణిగాడు. "ఆలోచించుకో. ఆడాడనుకో, బంతి పక్కకి పోతుంది. ఇదా నీ గాలయ్య అని అందరూ నవ్వుతారు. ఆడలేదనుకో, వీళ్ల దగ్గర ఎవడో ఉన్నాడంట అని అవతలివాళ్లు హడలి చస్తారు. ఆడనంతకాలం వాడు గాలయ్యే కదయ్యా!"

తెలివంటే అదీ. ముట్టెప్పకు నవ్వులు ముందే వినపడ్డాయి.

"ఇంకా పచ్చిగా ఉన్నాడండీ. ఈసారికి వద్దు," అన్నాడు.

అని తల తిప్పేసరికి చుక్కన్న వెనకే ఉన్నాడు. వాడు ఏడవలేదు, దెబ్బలాడలేదు. "సరే మావా," అని మెల్లగా ఏటివైపు నడిచాడు. వెనక్కి పిలవాలని ముట్టెప్పకు నోటిదాకా వచ్చింది. కానీ బండ మీద అందరూ తన తెలివిని మెచ్చుకుంటున్నారు. మెప్పు మధ్యలో లేవడం బాగుండదని కూర్చున్నాడు.

ఏటవతల ముంగిస మాస్టారు జట్టుకు ఆట నేర్పుతుంటే, ఒళ్లంతా తడిసిన దుప్పి గట్టెక్కింది. ఆయన దాని పుట్టుపూర్వోత్తరాలు అడగలేదు. బంతిని దొర్లించాడు. చుక్కన్న తిరిగి తన్నాడు. "రేపు రా," అన్నాడాయన.

ఆట రోజున బండ కిటకిటలాడింది. అందరూ మైదానానికి వీపు పెట్టి, చుక్కన్న వెళ్లిపోవడం ద్రోహమా, ఎడమ గిట్ట ప్రభావమా అని వాదించుకుంటున్నారు. ముట్టెప్పకు ఆ పూట వాదన రుచించలేదు. చెవులు కూడా పనిచేయడం మానేశాయి. ఏం చేయాలో తోచక, కట్టడిని పక్కన పెట్టి, వెనక్కి తిరిగాడు.

బంతి చుక్కన్న దగ్గర ఉంది. కుడి గిట్టతో ఒకణ్ణి దాటాడు. నడుం ఊపి ఇంకొకణ్ణి దాటాడు. గోలు దగ్గర అడ్డంగా నిలబడ్డ అడవిదున్న కాళ్ల సందులోంచి బంతిని లోపలికి పంపాడు. పంపింది ఎడమ గిట్టతో.

"మావాడేరోయ్!" అని ముట్టెప్ప బండ అదిరేలా ఎగిరి గంతేశాడు. కళ్లలో నీళ్లు కారిపోతున్నాయి.

"ఏమైంది? ఎవరు కొట్టారు?" అన్నారు అందరూ.

"చుక్కన్న! మన గోల్లోనే కొట్టాడు!"

కొమ్మేశ్వర్రావు ముఖం గంభీరంగా పెట్టాడు. "అదలా ఉంచు. నువ్వు వెనక్కి తిరిగి చూశావా?"

"చూశాను."

"ఆటని?"

"ఆటనే."

"ముట్టెప్ప ఆట చూశాడు!" అంటూ కావమ్మ ఎగిరిపోయింది. అక్కడికక్కడే పంచాయితీ పెట్టి ముట్టెప్పను బండ మీంచి వెలివేశారు. ఆ ఊపులోనే చుక్కన్న చర్చ కూడా ముగించేశారు. కుర్రాడికి గొప్ప భవిష్యత్తు ఉండేదని, ఏటవతలివాళ్లు ఆడించి దాన్ని పాడుచేశారని ఏకగ్రీవంగా తేల్చారు. "గాలయ్య అయితే ఇంకాస్త వంచి కొట్టేవాడు," అని డిప్పయ్య తాత తల లోపలికి లాక్కున్నాడు.

ముట్టెప్ప కిందికి దిగొచ్చి, చుక్కన్న గీరిన గుంట పక్కన కూర్చున్నాడు. అక్కణ్ణుంచి బండ మీద వరసగా వీపులు మాత్రమే కనిపించాయి. వాటిని చూస్తూ చూస్తూ తల బాదుకున్నాడు. ఇన్నాళ్లూ వాణ్ణి రోజూ ఆడించినా వీళ్లలో ఒక్కడికీ తెలిసేది కాదే!

గుంటలో ఒక కుందేలు పిల్ల చెవులు నిక్కబొడుచుకుని కూర్చుని ఉంది. "తాతా, నేను కూడా బాగా ఆడతాను. బండ మీదివాళ్లను అడుగుతావా?"

"అడగక్కర్లేదు," అన్నాడు ముట్టెప్ప. ఆటయ్యాక గీత పక్కన పడున్న బంతిని ముట్టెతో దాని ముందుకు తోశాడు. "చప్పుడు చేయకుండా వెళ్లి ఆడు. వాళ్లు ఇటు తిరగరు."

నీతి: గొప్ప భవిష్యత్తు ఉన్నవాణ్ణి పొరపాటున కూడా ఆడనివ్వకండి, ఉన్న భవిష్యత్తంతా ఆడి ఖర్చుపెట్టేస్తాడు.