నెమలిని తినేసిన పిల్ల

ఒడిశాలోని సెమిలిగుడ తెలుగు వర్తక సంఘం వారు ఈ ఏడు పిల్లల ఆరోగ్యాన్ని బాగుచేయ సంకల్పించారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. నిరుడు వారు పర్యావరణాన్ని బాగుచేశారు. దాని తాలూకు ఫ్లెక్సీ ఇప్పటికీ బస్టాండు పక్క కాలువకు అడ్డంపడి ఉంది, వెళ్ళి చూడవచ్చు.

సంఘాధ్యక్షులు తాతారావుగారు చిప్స్ ప్యాకెట్ల హోల్‌సేల్ వ్యాపారి. దసమంతపూర్ దాకా ప్రతి పాన్‌డబ్బా మీదా వేలాడే ప్యాకెట్ల దండలన్నీ ఆయన గోడౌన్ నుంచి వెళ్ళినవే. ఈ ప్రాంతపు పిల్లలు ఏం తింటున్నారో ఆయనకు తెలిసినంతగా కన్నతల్లులకు కూడా తెలియదు. కనుక పిల్లల ఆహారం మీద మాట్లాడే అర్హత సహజంగానే ఆయనకు దక్కింది.

సంఘం ప్రకటించిన పోటీ పేరు ‘సరదా పళ్ళెం’. చోడిపిండి అనే రాగిపిండి, కేరట్, బొప్పాయి, మొలకెత్తిన పెసలు వంటి మామూలు సరుకులతోనే తల్లులు బొమ్మలు చేయాలి. ఆ బొమ్మ చూడగానే పిల్లలకు నోరూరాలి. అయితే న్యాయనిర్ణేతలు చూసేదాకా ఎవరూ ముట్టుకోరాదు.

హార్డ్‌వేర్ కొట్టు వారి కోడలు పద్మప్రియ కూడా పేరిచ్చింది. ఆమెకు బహుమతి మీద ఆశ లేదు. ఆమె కూతురు బిందుశ్రీ ఏమీ తినదు. ఇందులో వ్యంగ్యం లేదు, నిజంగానే తినదు. ముద్ద నోట్లో పెడితే బుగ్గన పెట్టుకుని పూట గడిపేస్తుంది. ఒంట్లో రక్తం లేదని, ఇలాగే ఉంటే పిల్లను ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తుందని కొరాపుట్ డాక్టరుగారు కేకలేశారు. ఆ రోజు బస్సులో వస్తున్నంతసేపూ పద్మప్రియ కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

తల్లీకూతుళ్ళు కలిసి నెమలిని చేశారు. చోడి అట్టుతో ఒళ్ళు, కీరా చక్రాలతో పింఛం, కేరట్ ముక్కు. ఒక్కో చక్రానికి దానిమ్మ గింజ కన్ను పెట్టే పని బిందుశ్రీది. పెట్టినన్ని పెట్టి, మిగిలిన గింజలు నోట్లో వేసుకుంది. తల్లి చూసీ చూడనట్టు ఊరుకుంది.

పోటీనాడు కల్యాణమండపంలో బల్లల మీద ఏనుగులు, రైళ్ళు, తాబేళ్ళు బారులు తీరాయి. వాటి వెనక పిల్లలు కూర్చున్నారు. ముఖ్య అతిథిగారు కల్యాణసింగ్‌పూర్‌లో ఇంకో పౌష్టికాహార సభను ప్రారంభిస్తున్నందున ఆలస్యమవుతుందని కబురొచ్చింది. ఈ లోగా తాతారావుగారు పిల్లలు వేళకు తినవలసిన ఆవశ్యకత గురించి మాట్లాడారు. భోజనాల వేళ దాటిపోయినా ఆవశ్యకత పూర్తి కాలేదు.

పిల్లలు ఆకలికి ఏడవడం మొదలుపెట్టారు. ఏనుగుల మీద చెయ్యి పడుతుందేమోనని తల్లులు హడలిపోయి, గేటు దగ్గర అధ్యక్షులవారే దూరాలోచనతో పెట్టించిన స్టాలుకు పరుగెత్తి తలా ఒక చిప్స్ ప్యాకెట్టు తెచ్చి పిల్లల చేతుల్లో పెట్టారు. ఆ విధంగా ఆరోగ్యకరమైన ఆహారం పిల్లల బారిన పడకుండా కాపాడబడింది.

బిందుశ్రీ మాత్రం ప్యాకెట్టు పక్కన పెట్టి నెమలి తోక తినేసింది. తర్వాత పొట్ట, ఆ తర్వాత మెడ. ముక్కు చివరకు దాచుకుంది. పద్మప్రియ చూసింది. కదిలితే పిల్ల ఎక్కడ ఆపేస్తుందోనని ఊపిరి బిగబట్టి నిలబడిపోయింది. ఆ తల్లి ముఖంలోని సంతోషం చూసిన వాళ్ళు లేరు. అందరూ ఖాళీ పళ్ళేన్నే చూస్తున్నారు.

సంఘం కార్యదర్శి సాయిశ్రీనివాస్ కేకతో అధ్యక్షులవారు ఉపన్యాసం ఆపి కిందికి దిగారు.

“ఏటమ్మీ, ఎందుకు తినీసేవు?”

“బాగుంది తాతా,” అంది బిందుశ్రీ. తర్వాత తల్లివైపు తిరిగి, “అమ్మా, ఇంకో నెమలి సెయ్యవా?” అంది.

“తింటాదనే కదండీ సేసేం, మావయ్యగారూ,” అంది పద్మప్రియ.

తాతారావుగారు జాలిగా నవ్వారు. “నువ్వూ కొట్టున్న ఇంటి కోడలివే కదమ్మా. ఇప్పీసిన పేకెట్టు ఎవుడైనా వాపసు తీసుకుంటాడేటి? సరుకు తినీసేక ఏటి సూసి మార్కులెయ్యాల?”

సభలో ఉన్నవారందరూ వ్యాపారస్తులే. ఈ న్యాయం అందరికీ వెంటనే అర్థమైంది. బిందుశ్రీ పోటీకి అనర్హురాలైంది.

మొదటి బహుమతి కాత్యాయనిగారి బీట్‌రూట్ ఏనుగుకు వచ్చింది. అది టూత్‌పిక్కులతో, జిగురుతో నిలబెట్టిన ఏనుగు. దాని ముందు కదలకుండా కూర్చున్న ఆమె కొడుకు పృథ్వి క్రమశిక్షణను, అప్పటికి వచ్చి చేరిన ముఖ్య అతిథిగారు ప్రత్యేకంగా మెచ్చుకుని, ఒక కార్టన్ చిప్స్ బహూకరించారు.

బజారంతా పద్మప్రియను ఓదార్చింది. పాలవాడు ఓదార్చాడు, పుట్టింటివారు ఫోనులో ఓదార్చారు, అత్తగారు ఓదార్చకుండా ఊరుకుంది. పిల్లను ఆ మాత్రం అదుపులో పెట్టుకోలేకపోయావా అని అందరూ అడిగారు. తిన్నది అరిగిందా అని ఒక్కరూ అడగలేదు. అడిగి ఉండేవాళ్ళమని మీరూ నేనూ అనుకోవచ్చు, ఖర్చు లేని పని.

పద్మప్రియ ఎంతకని తట్టుకుంటుంది? ఇప్పుడు ఆమె వచ్చే ఏటి పోటీకి ఇంట్లోనే సాధన చేయిస్తోంది. రోజూ ఒక నెమలిని చేసి బిందుశ్రీ ముందు పెడుతుంది. మొదట్లో పిల్ల చెయ్యి చాచేది, చేతి మీద ఒక దెబ్బ పడేది. ఇప్పుడు ఆ అవసరం లేదు. కేరట్ ముక్కు వైపైనా చూడకుండా, బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చుంటోంది. డాక్టరుగారి సంగతి ఎలా ఉన్నా, ఈసారి మొదటి బహుమతి మన బిందుశ్రీదేనని సెమిలిగుడలో అందరూ అంటున్నారు.